పుప్పాలగూడలో ఇద్దరి గది

దవాఖానలో డాక్టరుగారు "మీకు నయమైందమ్మా, ఇక వెళ్ళొచ్చు" అన్న రోజున నాకు వేసినంత భయం అంతకుముందు ఎప్పుడూ వెయ్యలేదు. జబ్బుతో ఉన్నప్పుడు కూడా వెయ్యలేదు. వెళ్ళొచ్చు సరే, ఎక్కడికి?

నేను లెక్కల టీచరును. మాది గుంటూరు వైపు. కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు కాలేజీలో పదకొండేళ్ళు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. పెళ్ళి చేసుకోలేదు. కేపీహెచ్‌బీ కాలనీలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. ముప్పై తొమ్మిదో ఏట, బోర్డు మీద లెక్క చేస్తుంటే వెనకనుంచి నవ్వు వినిపించడం మొదలైంది. తిరిగి చూస్తే పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటూ ఉండేవాళ్ళు. కొన్నాళ్ళకు నవ్వుకు మాటలు తోడయ్యాయి. "తప్పు చేసింది చూడు. మళ్ళీ తప్పు చేసింది." వినీ వినీ నిజంగానే తప్పులు చెయ్యసాగాను. కాలేజీవాళ్ళు ఇక రావద్దన్నారు. గదిలో ఒంటరిగా అరుస్తున్నానని హాస్టల్ ఖాళీ చేయించారు.

ఆ తర్వాత ఒక వానాకాలం, ఒక చలికాలం గచ్చిబౌలిలో ఒక బస్టాపులో గడిచాయి. వాటిలో నాకు గుర్తున్నవి ముక్కలే. మెడలో ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలు ఆఫీసు బస్సుల కోసం నిలబడేవాళ్ళు. నాకూ వాళ్ళకూ మధ్య ఎప్పుడూ రెండు గజాల జాగా ఖాళీగా ఉండేది. వాళ్ళలో ఒకరిద్దరు నా పాఠం విన్నవాళ్ళే అయ్యుండొచ్చు. ఎవరూ గుర్తుపట్టలేదు. పెరుగన్నం పొట్లం బెంచీ చివర పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయే ఒకమ్మాయి మాత్రం గుర్తుంది. చివరికి పోలీసులు తీసుకెళ్ళి దవాఖానలో చేర్పించారట. అక్కడ ఎనిమిది నెలలున్నాను. అన్నయ్య ఒకసారి వచ్చాడు. అరటిపళ్ళు తెచ్చాడు. "ఇంట్లో ఆడపిల్లలున్నారమ్మా, పెళ్ళిళ్ళు కావాలి, అర్థం చేసుకో" అన్నాడు. అర్థం చేసుకున్నాను. కోపం చాలా రోజుల తర్వాత వచ్చింది.

అలా, నయమై, వెళ్ళడానికి చోటులేక, పుప్పాలగూడలో ఆ ఇంటికి చేరాను. పాత ఊరి తాలూకు రెండంతస్తుల ఇల్లు. రెండువైపులా ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచి, మధ్యలో ఇది మాత్రం మిగిలిపోయింది. మధ్యాహ్నం ఒక గంట తప్ప వాకిట్లో ఎండ పడదు. మానసిక జబ్బో, తాగుడో పట్టుకుని రోడ్డు మీద పడి, వైద్యం అయ్యాక ఎక్కడికీ పోలేని ఆడవాళ్ళు ఎనిమిదిమంది అందులో ఉండొచ్చు. ఒక్కొక్కరికి ఒక సంవత్సరం గడువు. ఆలోపు సొంతంగా బతకడం మళ్ళీ నేర్చుకుని బయటికి నడవాలి. మేమంతా దాన్ని హోమ్ అనేవాళ్ళం. వీధిలోవాళ్ళు పిచ్చోళ్ళ ఇల్లు అనేవాళ్ళు.

ఇంటిని చూసుకునే మేడమ్ వరంగల్ మనిషి, ఒకప్పుడు నర్సుగా చేసింది. మొదటిరోజే నాకు బియ్యం డబ్బా చూపించి, "ఎల్లుండి వంట నీదే" అంది. ఏళ్ళ తర్వాత ఒక మనిషి నన్ను నమ్మి ఒక పని అప్పజెప్పింది. నా వంతు వచ్చిన రోజు అన్నం మాడింది. అందరూ తిన్నారు.

నేను వెళ్ళిన మూడోవారంలో నా గదిలోకి ఇంకో మనిషిని తెచ్చారు. పాలమూరు జిల్లా ఆమె. యాభై దగ్గర్లో ఉంటాయి, బక్కపలచని మనిషి, చేతులు మాత్రం మగవాళ్ళ చేతుల్లా గట్టివి. ఇరవయ్యో ఏట మొగుడితో కలిసి కూలికి వచ్చింది. ఇసుకా ఇటుకా మోసి, చుట్టుపక్కల లేచిన అద్దాల మేడల్లో సగం తన నెత్తి మీదుగానే పైకి వెళ్ళాయని చెప్పేది. మొగుడు పోయాక ఒళ్ళు నొప్పులకని సాయంత్రం ఒక సీసా కల్లు మొదలుపెట్టింది. చెట్టు నుంచి దిగే కల్లు కాదు, మత్తుమందు కలిపి అమ్మే కల్తీ కల్లు. కొన్నాళ్ళకు అది తాగనిదే చెయ్యి లేచేది కాదు. పని పోయింది, గుడిసె పోయింది, ఫ్లైఓవర్ కింద పడుకునేది. ఒకసారి ఎక్సైజువాళ్ళ దాడులు జరిగి నాలుగు రోజులు కల్లు దుకాణాలు మూతపడితే, తాగడానికి దొరక్క, మెడ వంకరపోయి, ఒంటినిండా చీమలు పాకుతున్నాయని కేకలు పెడుతూ రోడ్డుకడ్డం పరిగెత్తింది. దవాఖాన మంచం మీద కళ్ళు తెరిచింది.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. మొదటిరోజు నాకు తెలిసింది, ఆమె తాగుబోతు అని ఒక్కటే. మంచం ఇస్తే వద్దని, గుమ్మానికి అడ్డంగా చాప పరుచుకుని పడుకుంది. బయటికి వెళ్ళాలంటే ఆమెను దాటాలి. మర్నాడు పొద్దున్నే మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

"మేడమ్, నన్ను వేరే గదిలోకి మార్చండి. ఆవిడ తాగే మనిషి. నాకు భయంగా ఉందండి."

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇప్పుడే గామె వచ్చి పోయింది. ఏమన్నదో ఎర్కనా? టీచరమ్మకు దిమాక్ మంచిగ లేదంట గద మేడమ్, పండుకున్నప్పుడు నా గొంతు పిసుకుతదేమో, నన్ను వేరే రూముల ఎయ్యుండ్రి అన్నది. గందుకే దర్వాజ కాడ పండుకున్నదంట, ఉరుకుడుకు ఈజీగుంటదని."

నాకు మొదట అవమానంగా అనిపించింది. నేను గొంతు పిసుకుతానా! తర్వాత నేను ఆమె గురించి అనుకున్నదీ అదే కదా అనిపించింది. మేడమ్ ఎవరినీ మార్చలేదు. "ఒగరికొగరు భయపడ్తే మంచిదే, కొట్లాట ఉండది" అని తేల్చేసింది.

కొట్లాట ఉండింది. నేను చారులో చింతపండు ఎక్కువ వేస్తానని ఆమె, కూరలో కారం కుమ్మరిస్తుందని నేను. ఆమె పొద్దున నాలుగున్నరకే లేచి వాకిలి ఊడ్చేది, ఆ చీపురు చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. కానీ ఒక పద్ధతి ఏర్పడింది. నేను మాత్రలు వేసుకునేటప్పుడు ఆమె నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చునేది. చేతులు వణికి ఆమె బొత్తాలు పెట్టుకోలేని రోజుల్లో నేను పెట్టేదాన్ని. నేను ఆమెను అక్కా అనడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. ఆమెకు నేను మొదటినుంచీ టీచరమ్మనే.

మూడో నెలలో నేను ఒక తప్పు చేశాను. మాత్రల వల్ల ఒళ్ళు పెరిగింది, పొద్దంతా మగత. అన్నిటికంటే మించి వేళ్ళు వణికేవి. వణికే వేళ్ళతో సుద్దముక్క పట్టుకోలేను. ఇక జన్మలో బోర్డు ముందు నిలబడలేనన్న దిగులుతో, మాత్రలు నాలుక కింద పెట్టుకుని, అక్క గ్లాసు కడగడానికి వెళ్ళగానే తీసి దిండు గలీబులో దాచడం మొదలుపెట్టాను. మొదటి రెండు వారాలు స్వర్గంలా ఉంది. ఒళ్ళు తేలికపడింది, వేళ్ళు నిలిచాయి. నాలుగోవారం వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే వెనకనుంచి నవ్వు వినిపించింది.

"నోరు ముయ్యి" అన్నాను.

అక్క పొయ్యి దగ్గరనుంచి తలతిప్పి చూసింది. "ఎవ్వలికి జవాబు చెప్తున్నవ్ టీచరమ్మా?"

"ఎవరికీ లేదు."

"ఈడ నువ్వు, నేను ఇద్దరమే ఉన్నం. నేనేం మాట్లాడలే. గోలీలు ఏస్కుంటలేవా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "తాగుబోతుదానివి, నువ్వా నాకు చెప్పేది?" అన్నాను. అన్నాక ఆ మాట వంటింట్లో అలాగే నిలబడిపోయింది. ఎంత చదువుకున్నాను, ఎంతమందికి చెప్పాను, నా నోట వచ్చిన మాట అది.

ఆమె అరవలేదు. పొయ్యి ఆపింది. వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"అవును, తాగుబోతునే. గందుకే నాకు ఎర్క. దాచిపెట్టుకునే మనిషి మొఖం ఎట్లుంటదో నాకు తెల్వకుంటే ఎవ్వలికి తెలుస్తది? సీసా కొంగుల దాచి ఎన్నిసార్లు అబద్ధమాడలే నేను! మేడమ్‌కు నేను చెప్ప. నువ్వే పోయి చెప్పాలె. చెప్పేదాంక ఈడికెల్లి నేను లేవ."

ఆ రోజు వంట ఆలస్యమైంది. ఆకలేసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, గుమ్మంలో కూర్చున్న ఆమెను చూసి, ఏం జరిగిందో అడక్కుండా వెనక్కి పోయారు. నేను బెండకాయలన్నీ తరిగేశాను. తరగడానికి ఇంకేమీ లేకపోయాక ఏడుపొచ్చింది. దిండు గలీబు విప్పి, మాత్రలన్నీ దోసిట్లో పోసుకుని మేడమ్ ముందుకు వెళ్ళాను. ఆమె తిట్టలేదు. మర్నాడు బస్సులో దవాఖానకు తీసుకెళ్ళింది, అక్క కూడా వెంట వచ్చింది. వేళ్ళు వణుకుతున్నాయని నేను డాక్టరుకు ఎప్పుడూ చెప్పలేదట. చెబితే మందు మార్చేవారట. మార్చారు. నవ్వు తగ్గడానికి మూడువారాలు పట్టింది. వణుకు పూర్తిగా పోలేదు, సగమైంది. ఆ సగంతో బతకొచ్చని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

అక్క వంతు ఐదో నెలలో వచ్చింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని దొరికింది. పొద్దున ఏడింటికి మెయిన్ రోడ్డు మీదికి వ్యాను వస్తుంది. రెండు రోజులు వెళ్ళి, మూడోరోజు మంచం మీదనుంచి లేవలేదు.

"ఒంట్లో బాగాలేదా అక్కా?"

"నేను పోను. నాతోని కాదు."

"పని కష్టంగా ఉందా?"

"పనికి నేను భయపడ్తనా? తొవ్వల గా కల్లు కాంపౌండు ఉన్నది. దాని ముంగటికెల్లే పోవాలె. వాసన ముక్కుకు తగుల్తుంటే నా కాళ్ళు నా మాట ఇంటలేవు. నిన్న గేటు పట్టుకుని నిలబడ్డ. లోపటికి పోలే. గని ఇయ్యాల పోత, నాకు ఎర్క."

చుట్టూ తిరిగి వెళ్ళే దారి ఉంది, కానీ దాని వెంట వెళితే వ్యాను దొరకదు. నేను చెప్పులేసుకున్నాను. "పద, నేనూ వస్తాను."

కాంపౌండు రోడ్డు పక్కనే. రేకుల కప్పు, సిమెంటు గోడ, అంత పొద్దున్నే లోపల బల్లల మీద మనుషులు. పులిసిన వాసన యాభై గజాల ముందునుంచే తెలిసింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఇటుకలు మోసిన చెయ్యి, నా వేళ్ళు విరిగిపోతాయేమో అనుకున్నాను. గేటు ఇంకా పది అడుగులు ఉందనగా ఆగిపోయింది.

"ఏమన్న చెప్పు టీచరమ్మా. జర ఊకె మాట్లాడుకుంటనే ఉండు."

ఓదార్పు మాటలు నాకు ఎప్పుడూ రావు. నోటికి వచ్చింది ఎక్కం. అదీ పదిహేడో ఎక్కం, ఎందుకంటే పిల్లలు ఎప్పుడూ తడబడేది అక్కడే.

"పదిహేడు ఒకట్లు పదిహేడు. అనక్కా."

"పదిహేడొకట్లు పదిహేడు."

"పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు."

"ముప్పై నాలుగు."

"పూర్తిగా అనాలి. గట్టిగా."

అంది. కాళ్ళు కదిలాయి. గేటు ముందుకు వచ్చేసరికి పదిహేడు నాలుగులు అరవై ఎనిమిది దగ్గర ఉన్నాం. లోపలినుంచి పాత పరిచయస్తుడెవరో "ఏందక్కా, కనపడ్తనే లేవు! రా, కూసో!" అని పిలిచాడు. అక్క ఆగింది. అతని వైపు తిరిగింది. ఆమె గొంతు పగిలేలా అరిచింది.

"పదిహేడు ఐదులు ఎనభై ఐదు!"

లోపల అందరూ తలలెత్తి చూశారు. అతను సీసా చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇద్దరం ఒకరి గొంతు మీద ఒకరు అరుస్తూ నడిచాం. ఆర్లు నూట రెండు, ఏళ్ళు నూట పంతొమ్మిది, ఎనిమిదులు నూట ముప్పై ఆరు. పదులు నూట డెబ్భై దగ్గర మెయిన్ రోడ్డు వచ్చింది. ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. అక్క రొప్పుతోంది. చెంపల మీద కన్నీళ్ళు, మూతి మీద నవ్వు. వ్యాను ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను ఆ రోడ్డు మీద నిలబడి చిన్నపిల్లలా గెంతాను. చూసినవాళ్ళు పిచ్చిది అనుకుని ఉంటారు. అనుకోనీ.

నెల రోజులు వెంట వెళ్ళాను. తర్వాత ఒక పొద్దున, "ఇయ్యాల నువ్వు పండుకో, నాకు మొత్తం వచ్చింది" అని ఒంటరిగా వెళ్ళింది. కిటికీ దగ్గర నిలబడి వింటే, వీధి మలుపు దాటేదాకా ఆమె గొంతు వినిపించింది.

ఆమెను చూశాక సిగ్గేసి నేనూ పని వెతకసాగాను. మణికొండలో ఒక పెద్దాయన ట్యూషన్ నడిపేవారు. పశ్చిమ గోదావరిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరై, కొడుకు ఉద్యోగం కోసం ఇటు వచ్చినవారు. మేడమ్ నా సంగతి దాచకుండా ఆయనకు చెప్పింది. ఆయన నన్ను పిలిపించి అడిగారు.

"ఏమ్మా, తొమ్మిదో తరగతికి చెప్పగలరా అండి?"

"తెలియదండి. పాఠం చెప్పి రెండేళ్ళు దాటింది."

"సరే. నాకూ తెలియదు. రేపు నాలుగింటికి రండి, ఇద్దరికీ తెలుస్తుంది."

పదిహేనుమంది పిల్లలు. వృత్తాల పాఠం. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద వృత్తం గీశాను. వేళ్ళలో మిగిలిన ఆ సగం వణుకు గీతలోకి దిగింది. గుండ్రంగా మొదలై, కిందికి సాగి, మెలితిరిగి వచ్చింది.

"టీచర్, అది వృత్తమా, వంకాయా?" అంది ఒకమ్మాయి.

క్లాసంతా గొల్లుమంది. ఏళ్ళ తరబడి వెనకనుంచి విన్న నవ్వు అది. తిరగాలంటే భయం వేసింది. తిరిగితే అందరూ తలలు వంచుకుని రాసుకుంటూ ఉంటే? అలా ఉంటే నాకు ఏమీ నయం కానట్టే. బోర్డు అంచు పట్టుకుని, ఊపిరి తీసుకుని తిరిగాను.

నోళ్ళన్నీ తెరిచే ఉన్నాయి. ఒకడి పళ్ళకు తీగ కట్టి ఉంది, అది మెరుస్తోంది. ఒకమ్మాయి నోట్సు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు ఎగరేస్తూ నవ్వుతోంది. వంకాయ అన్న పిల్ల మాత్రం నా మొహం చూసి బిక్కచచ్చిపోయింది. నిజం నవ్వు! వాళ్ళ గొంతుల్లోంచి వచ్చి, గది గోడలకు తగిలి, నా చెవిన పడ్డ నవ్వు. నాకు ఎంత ఆనందమేసిందో ఆ పిల్లలకు ఈ జన్మకు తెలియదు.

"నవ్వండి, నవ్వండి. ఆపకండి" అన్నాను. "నవ్వాక ఈ వంకాయకు కేంద్రం ఎక్కడుందో ఒకరు వచ్చి చెప్పండి."

ఆరుగురు చేతులెత్తారు. హెడ్మాస్టరుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. క్లాసయ్యాక ఆయన అన్నది ఒక్కటే మాట. "రేపూ నాలుగింటికేనండి."

సంవత్సరం దగ్గరపడింది. ఇద్దరికీ పని ఉంది, ఇక కావలసింది చోటు. ఒంటరిగా ఉండే ధైర్యం నాకు లేదు, ఆమెకూ లేదు. కలిసి ఒక గది కిరాయికి తీసుకుందామని అనుకున్నాం. అనుకున్నంత తేలిక కాదది. మొగవాళ్ళు లేరా అని ఒకరు, మీరిద్దరూ ఏమవుతారని ఒకరు. ఇప్పుడెక్కడ ఉంటున్నారని అడిగితే హోమ్ పేరు చెప్పేవాళ్ళం, తలుపు మూసుకునేది. పదమూడు ఇళ్ళు తిరిగాక నాకు విసుగొచ్చింది. "అక్కా, ఈసారి హాస్టల్లో ఉంటున్నామని చెబుదాం" అన్నాను. ఆమె చెప్పులు సర్దుకుని ముందు నడిచింది.

పద్నాలుగో ఇల్లు అనంతపురం వాళ్ళది, పుప్పాలగూడలోనే. పైన వాళ్ళుంటారు, కింద ఒక గది, వంటిల్లు. ఇంటావిడ అరవై దాటిన మనిషి, మొహంలో నవ్వన్నది లేదు. మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ మమ్మల్ని విచారించింది.

"యాడుండారమ్మా ఇప్పుడు?"

"హాస్టల్లో ఉంటున్నామండి" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"తాగేది గీగేది ఏమన్నా ఉండాదా? ముందే చెప్పండి. నాకట్లాంటివి సరిపోవు."

నేను లేదండి అనబోయాను. అక్క ముందుకు వచ్చింది.

"ఉండె అమ్మా. కల్లు తాగుతుంటి. తాగి రోడ్డు మీద పడ్డదాన్ని. ఇడిచిపెట్టి పది నెలలైంది. మేం ఉండేది హాస్టల్ల కాదు, గా హోమ్‌ల. టీచరమ్మ మీకు భయపడి చెప్పింది, ఆమె మంచిదే."

ఇక దాచేదేముంది? నేనూ చెప్పాను. "నాకు మనసుకు సంబంధించిన జబ్బుందండి. రోజూ మాత్రలు వేసుకోవాలి. వేసుకుంటే మామూలుగా ఉంటాను. పిల్లలకు లెక్కలు చెబుతున్నాను."

ఆవిడ చిక్కుడుకాయ ఒలవడం ఆపింది. మా ఇద్దరినీ కిందనుంచి పైదాకా చూసింది. వెళ్ళిపోదామని నేను అక్క చెయ్యి పట్టుకుని లాగాను.

"ఉండండి. ఏమంత తొందర?" అంది ఆవిడ. "పోయినసారి దిగినోళ్ళు మాకే అలవాట్లూ లేవని దేవుని మీద ఒట్టేసినారు. పోయేనాటికి తలుపులకు గడియలు గూడా మిగల్లేదు. మీరు అడగంది గూడా చెప్తా ఉండారు. సరే, ఈయమ్మ మాత్రలు మింగకపోతే ఎవరు చూస్తారు?"

"నేనున్న" అంది అక్క.

"ఈమె మళ్ళీ తాగితే?"

"నేనున్నానండి" అన్నాను.

ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది. "బోరు నీళ్ళు పొద్దున పూట మాత్రమే వస్తాయి. వృథా చేస్తే ఊరుకోను. శుక్రవారం మంచిది, పాలు పొంగించుకోండి."

గేటు బయటికి వచ్చి, మలుపు తిరిగేదాకా ఇద్దరం పెద్దమనుషుల్లా నడిచాం. మలుపు తిరిగాక అక్క నన్ను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పింది. ఒళ్ళు పెరిగిన మనిషిని, నన్ను! సిమెంటు బస్తాలు మోసిన నడుము అది, నేనెంత. "ఇల్లు దొరికెనమ్మో, మాకు ఇల్లు దొరికె!" అని వీధివీధంతా వినిపించేలా అరిచింది. ఆమెను ఆపాలని నాకు అనిపించలేదు.

శుక్రవారం హోమ్‌లో ఉన్నవాళ్ళంతా రెండు ఆటోల్లో వచ్చారు. పాలు పొంగి పొయ్యి మీదికి కారితే, ఎప్పుడూ గొంతు విప్పని ఒకావిడ చప్పట్లు కొట్టింది. పైనుంచి ఇంటావిడ పెద్ద గిన్నెనిండా ఉగ్గాని పంపించింది, మిరపకాయ బజ్జీలతో సహా. నవ్వకుండానే వచ్చి, ఎవరు ఎంత తిన్నారో నవ్వకుండానే చూసి వెళ్ళింది. మేడమ్ మా గది నాలుగు మూలలా తిరిగి, గడియ వేసి తీసి చూసి, తృప్తిపడింది. వెళ్ళేముందు నా భుజం మీద చెయ్యి వేసి, "మీ రెండు మంచాలు ఖాళీ అయినయి. రేపే ఇద్దరొస్తున్నరు" అంది. అంతకంటే మంచి దీవెన నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పటికి రెండేళ్ళవుతోంది. అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. అక్కకు ఒకసారి పండుగ రోజున ఒళ్ళంతా అదే ఆరాటమైంది. ఆ రోజు పొద్దుపోయేదాకా ఇద్దరం చెరువు దాకా నడిచి, మళ్ళీ నడిచి, కాళ్ళు వాచాక ఇంటికొచ్చాం. నాకు ఒక వేసవిలో నిద్ర కరువై మందు మార్చాల్సి వచ్చింది. అన్నయ్య ఫోను చేశాడు, పెద్దమ్మాయి పెళ్ళి అయిపోయాక. మాట్లాడాను. చారు విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ రాజీ కుదరలేదు.

ఆదివారాలు అక్క నా దగ్గర అక్షరాలు దిద్దుతుంది. మొన్న ఆమెకు సెలవైన ఒక రోజున, పొద్దున పదింటికి పోస్ట్‌మన్ గేటు దగ్గర అక్క పేరు పెట్టి పిలిచాడు. ఇంటిపేరుతో సహా. వాకిట్లో బట్టలారేస్తున్న ఆమె ఎవరినో అనుకుని చుట్టూ చూసింది. మార్పించుకున్న చిరునామాతో ఆధార్ కార్డు వచ్చింది.

"సంతకం పెడతారా, వేలిముద్రా?" అన్నాడతను.

"సంతకమే" అంది. తడిచేతులు కొంగుకు తుడుచుకుని, గేటు మీద కాగితం ఆనించి, నాలుక బయటపెట్టి, ఒక్కొక్క అక్షరం దించింది. పోస్ట్‌మన్‌కు ఇంకా చాలా ఇళ్ళున్నాయి, అయినా తొందరపెట్టలేదు. అతను వెళ్ళాక కవరు చించకుండా, వేలు పెట్టి పైనున్న చిరునామా కూడబలుక్కుంది. మొదట మెల్లగా. రెండోసారి పై అంతస్తుకు వినిపించేలా. ఇంటి నంబరు, వీధి, పుప్పాలగూడ.

ఇంటావిడ పిట్టగోడ మీదనుంచి తొంగి చూసింది. "ఏమమ్మా, నా ఇంటి నంబరు నాకే చదివి చెప్తా ఉండావా?"

"మీదొక్కరిదే కాదమ్మా" అంది అక్క, కవరు పైకెత్తి చూపిస్తూ. "దీని మీద రాసి ఉన్నది చూడుండ్రి. మాది గూడ."

ఇంటావిడ నవ్వింది. రెండేళ్ళలో నేను చూడటం అదే మొదలు. తర్వాత మోటారు వెయ్యమని, పని ఆలస్యమవుతోందని కేకేసింది. అక్క కవరు నా చేతికిచ్చి మోటారు వెయ్యడానికి పరిగెత్తింది.